కెనడా సాంఖ్యక శాస్త్ర డాక్టరేట్‌తో విదేశాలలో అధ్యాపక పదవులు: అవకాశాలు, అవరోధాలు

సాంఖ్యక శాస్త్రంలో ప్రపంచఖ్యాతి గడించిన కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు (సి.ఆర్. రావు) 1920లో నాటి బళ్లారి జిల్లాలోని హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు నేడు కర్ణాటకలోని విజయనగర జిల్లాలో ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో సాంఖ్యక శాస్త్రం చదివిన ఆయన 1948లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో డాక్టరేట్ పొందారు. దశాబ్దాలపాటు భారతీయ సాంఖ్యక సంస్థలో పనిచేసి, తరువాత అమెరికాలో పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయాలలో ఆచార్యులుగా ఉన్నారు. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారం అందుకొని, అదే సంవత్సరం ఆగస్టులో 102 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. ఏలూరులో 1937లో జన్మించిన జె.ఎన్.కె. రావు గారు అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో 1961లో డాక్టరేట్ పొంది, 1973లో కెనడా రాజధాని అటావాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. నమూనా సర్వేలలో ఆయన చేసిన కృషిని అనేక దేశాల ప్రభుత్వ గణాంక సంస్థలు వాడుకొంటున్నవి.

ఒక దేశంలో చదివి మరొక దేశంలో బోధించడం ఈ శాస్త్రంలో పాత సంప్రదాయమేనని ఈ ఇద్దరి జీవితాలే చెబుతున్నవి. నేడు గణితంలోను, సాంఖ్యక శాస్త్రంలోను ఎం.ఎస్సీ. చేసిన మన విద్యార్థులలో కొందరు డాక్టరేట్ కోసం కెనడా వైపు చూస్తున్నారు. అక్కడ సీటు వచ్చినదనగానే ఇంట్లో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఆ పట్టాతో కెనడా బయట కూడా కళాశాలలో ఉద్యోగం వస్తుందా?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. పట్టాకు విలువ ఉన్నది. అయితే ఆ విలువ ఏ దేశంలో ఎంత చెల్లుతుందన్నది పరిశోధనపైన, మార్గదర్శకులపైన, ఎంచుకొన్న శాఖపైన, చివరకు చేతిలోని పాస్‌పోర్టుపైన ఆధారపడి ఉన్నది.

కెనడా డాక్టరేట్ స్వరూపం

కెనడాలో సాంఖ్యక శాస్త్రానికి ప్రత్యేక శాఖ ఉన్న విశ్వవిద్యాలయాలు కొన్నే. టొరంటో, వాటర్లూ, బ్రిటిష్ కొలంబియా, సైమన్ ఫ్రేజర్, వెస్టర్న్ వాటిలో పేరుపొందినవి. వాటర్లూలో గణితానికే ఒక ప్రత్యేక ఫ్యాకల్టీ 1967లో ఏర్పడినది. సాంఖ్యక, యాక్చువేరియల్ శాస్త్రాల శాఖ అందులో భాగము. బ్రిటిష్ కొలంబియాలో ప్రత్యేక శాఖ 1983లోను, సైమన్ ఫ్రేజర్‌లో 2001లోను ఏర్పడినవి. మెక్‌గిల్, మాంట్రియల్, కార్ల్‌టన్ మొదలైనచోట్ల సాంఖ్యకం గణితశాఖతో కలిసి ఉన్నది. మాంట్రియల్, లావల్ విశ్వవిద్యాలయాలలో బోధన ఫ్రెంచిలో జరుగును.

అక్కడ సాధారణంగా ముందు మాస్టర్స్, ఆ తరువాత డాక్టరేట్ అన్న క్రమం ఉన్నది. మాస్టర్స్ తరువాత డాక్టరేట్‌కు నాలుగైదు సంవత్సరాలు పట్టును. మొదటి రెండేళ్లలో ఉన్నత పాఠ్యాంశాలు, సమగ్ర పరీక్ష. ఆపై సిద్ధాంత వ్యాసం. దానిని విశ్వవిద్యాలయం వెలుపలి పరీక్షకులు కూడా చదివి తీర్పు చెబుతారు. విద్యార్థికి జీవనభృతి ప్రధానంగా బోధనసహాయకత్వం, పరిశోధనసహాయకత్వం, ఉపకారవేతనాల రూపంలో లభించును. డిగ్రీ తరగతులకు ట్యుటోరియళ్లు నడపడం, పేపర్లు దిద్దడం, ఒక్కొక్కప్పుడు స్వయంగా ఒక కోర్సు బోధించడం ఈ అయిదేళ్లలో అలవాటవును. విదేశాలలో అధ్యాపక పదవికి దరఖాస్తు చేసేటప్పుడు ఈ బోధనానుభవం పనికివచ్చును.

అమెరికాలో బి.ఎస్సీ. తరువాత నేరుగా డాక్టరేట్‌లో చేరి అయిదారేళ్లు ఒకేచోట ఉండే విద్యార్థులు చాలామంది. వారితో పోలిస్తే కెనడా విద్యార్థికి ఒకే మార్గదర్శకుని వద్ద పరిశోధనకు దొరికే కాలం కొన్నిసార్లు తక్కువ. కనుక పట్టా చేతికి వచ్చేనాటికి ప్రచురితమైన వ్యాసాలు ఒకటి రెండే ఉండవచ్చును. ఈ లోటు పూరించుకొనేందుకు చాలామంది ఒకటి నుండి మూడేళ్లు పోస్ట్‌డాక్టరల్ పరిశోధకులుగా పనిచేస్తారు. ఈ కాలాన్ని కూడా చదువులో భాగంగానే లెక్కవేసుకొనవలెను.

బయటి దేశాల వైపు చూడక తప్పని స్థితి

కెనడాలో సాంఖ్యకానికి స్థిర అధ్యాపక పదవులు ఏటా పరిమితంగానే వెలువడుతవి. ఆ పదవులకు పోటీ దేశంలోని పట్టభద్రుల మధ్యనే సాగదు. అమెరికా, బ్రిటన్, ఐరోపాల నుండి కూడా అభ్యర్థులు వస్తారు. కెనడా సాంఖ్యకులలో అగ్రగణ్యులైన డి.ఎ.ఎస్. ఫ్రేజర్ ప్రిన్స్‌టన్‌లోను, నాన్సీ రీడ్ స్టాన్‌ఫర్డ్‌లోను డాక్టరేట్ పొంది టొరంటోలో ఆచార్యులైనవారే. ఈ దారి ఏనాటినుండో ఉన్నది.

ఎదురుదిశలో వెళ్లినవారూ ఉన్నారు. 1969లో వాటర్లూలో డాక్టరేట్ పొందిన జాన్ కాల్బ్‌ఫ్లైష్ అక్కడే చాలాకాలం ఆచార్యులుగా ఉండి, తరువాత అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం జీవసాంఖ్యక శాఖకు వెళ్లారు. 1970లో టొరంటోలో డాక్టరేట్ పొందిన రాస్ ప్రెంటిస్ 1974లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్‌సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో చేరారు. ఈ ఇద్దరూ కలిసి 1980లో ప్రచురించిన గ్రంథం, రోగి ఎంతకాలం జీవించును, యంత్రం ఎంతకాలం పనిచేయును వంటి కాలవ్యవధుల విశ్లేషణకు ప్రామాణిక పాఠ్యమైనది. 1996లో బ్రిటిష్ కొలంబియాలో డాక్టరేట్ పొందిన పీటర్ సాంగ్ కెనడాలో యార్క్, వాటర్లూలలో బోధించి మిషిగన్‌కు వెళ్లారు.

ఈ ముగ్గురిలో ఒక పోలిక కనబడుచున్నది. మువ్వురూ కెనడాలో అధ్యాపకులుగా పనిచేసిన తరువాత సరిహద్దు దాటి స్థిరపడ్డారు. మువ్వురి గమ్యమూ వైద్య, ఆరోగ్యరంగానికి చేరువైన సాంఖ్యకమే. పట్టా వచ్చిన వెంటనే విదేశంలో స్థిరపడడం ఒక మార్గం. కెనడాలో కొన్నేళ్లు పనిచేసి ఆపైన వెళ్లడం రెండవ మార్గం. రెండవదానిని చాలామంది ముందుగా ఆలోచించరు.

అమెరికా: పెద్ద విపణి, పొడవైన వరుస

సంఖ్యలో అత్యధిక పదవులు ఉన్న దేశం అమెరికా. అక్కడ స్థిర ఉద్యోగానికి దారితీసే నియామకాన్ని టెన్యూర్ ట్రాక్ అంటారు. అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరినవారి పరిశోధన, బోధన, సేవలను సుమారు ఆరవ సంవత్సరంలో సమీక్షించి స్థిరత్వం ఇస్తారు, లేదా సాగనంపుతారు. పరిశోధనకు ప్రాధాన్యమిచ్చే విశ్వవిద్యాలయాలలో ఏడాదికి బోధించే కోర్సులు తక్కువ, వ్యాసాల, గ్రాంట్ల ఒత్తిడి ఎక్కువ. బోధనకు ప్రాధాన్యమిచ్చే కళాశాలలలో సెమిస్టరుకు మూడు నాలుగు కోర్సులు చెప్పవలసి ఉండును. టెన్యూర్ లేని, ఒప్పందంపై నడిచే బోధన పదవులు మూడవ రకము.

నియామకాల కాలచక్రం దాదాపు నిశ్చితము. ప్రకటనలు ఆగస్టు, సెప్టెంబరు నుండి వెలువడుతవి. గడువులు ఎక్కువగా నవంబరు, డిసెంబరులలో ఉంటవి. జనవరి నుండి మార్చి వరకు ఇంటర్వ్యూలు. ఉద్యోగంలో చేరిక ఆగస్టులో. అనగా పట్టాకు ఏడాది ముందే దరఖాస్తులు సిద్ధంగా ఉండవలెను. ప్రతి ఆగస్టులో జరిగే సంయుక్త సాంఖ్యక సమావేశాలలో కెనడా సాంఖ్యక సంఘం కూడా భాగస్వామి. 2018లో వాంకూవర్, 2023లో టొరంటో నగరాలు ఆ సమావేశాలకు వేదికలైనవి. కెనడా విద్యార్థికి అమెరికా శాఖల పెద్దలతో పరిచయం కలిగించే ముఖ్యమైన చోటు అది.

జీతం చూసేటప్పుడు ఒక మెలకువ అవసరము. అమెరికాలో ప్రకటించే వార్షిక జీతం సాధారణంగా తొమ్మిది నెలల పనికి. వేసవి నెలల జీతం గ్రాంట్ల నుండి సంపాదించుకొనవలెను. కెనడాలో ప్రకటించేది పన్నెండు నెలల జీతము. ఈ తేడా గమనించకుండా రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చరాదు.

ఇక వీసా విషయము. కెనడా, అమెరికా, మెక్సికో దేశాల వాణిజ్య ఒప్పందం కింద కెనడా పౌరులకు టి.ఎన్. అనే ఉద్యోగ హోదా లభించును. 1994లో అమలులోకి వచ్చిన నాఫ్టాలో మొదలైన ఈ సౌకర్యం 2020 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన కొత్త ఒప్పందంలోనూ కొనసాగినది. ఆ వృత్తుల జాబితాలో విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఉన్నారు, సాంఖ్యకులూ ఉన్నారు. ఒక్కసారికి గరిష్ఠంగా మూడేళ్ల అనుమతి ఇచ్చి, దానిని పొడిగిస్తారు. కెనడా పౌరుడైన పట్టభద్రునికి ఇది సులభమైన ద్వారము.

మన విద్యార్థులు పొరపడేది ఇక్కడనే. ఈ సౌకర్యం పౌరులకు మాత్రమే వర్తించును. కెనడాలో శాశ్వత నివాస హక్కు ఉన్నా భారత పాస్‌పోర్టుతో ఉన్నవారికి వర్తించదు. వారు హెచ్-1బి లేదా జె-1 వంటి వీసాలపై వెళ్లవలెను. విశ్వవిద్యాలయాలు వేసే హెచ్-1బి దరఖాస్తులకు వార్షిక సంఖ్యాపరిమితి, లాటరీ లేవు. ఇది చాలాకాలంగా అధ్యాపకులకు ఊరట. అయితే 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు జారీ చేసిన ప్రకటన ద్వారా, దేశం వెలుపల ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము 12 నెలల గడువుతో విధింపబడినది. అందులో విశ్వవిద్యాలయాలకు సాధారణ మినహాయింపు ఇవ్వలేదు. కెనడాలో కూర్చొని అమెరికా పదవికి దరఖాస్తు చేసే భారతీయ పట్టభద్రుడు సరిగ్గా ఈ పరిధిలోకే వచ్చును. కనుక దరఖాస్తు చేసేనాటికి ఏ నిబంధన అమలులో ఉన్నదో ఆ విశ్వవిద్యాలయపు వీసా కార్యాలయాన్ని అడిగి తెలుసుకొనవలెను.

మరొక సూక్ష్మము కలదు. అమెరికాలో గ్రీన్ కార్డు వరుసను పౌరసత్వాన్ని బట్టి కాక పుట్టిన దేశాన్ని బట్టి లెక్కిస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించరాదన్న నియమం ఉన్నది. అందువలన కెనడా పౌరసత్వం పొందినా, బళ్లారిలోనో బరంపురంలోనో పుట్టిన అభ్యర్థి భారతీయుల పొడవైన వరుసలోనే నిలబడవలసి ఉండును. భారతదేశం వెలుపల పుట్టిన జీవిత భాగస్వామి ఉన్నవారికి ఆ భాగస్వామి దేశం వరుసలో చేరే వీలున్నది.

వీటికితోడు 2025లో అమెరికా కేంద్ర ప్రభుత్వం అనేక పరిశోధన గ్రాంట్లను రద్దు చేసినది. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆ సంవత్సరం నియామకాలను నిలిపివేసినవి. గ్రాంట్లపై ఆధారపడిన జీవసాంఖ్యక శాఖలకు, పోస్ట్‌డాక్టరల్ పదవులకు ఈ దెబ్బ ఎక్కువగా తగులును.

బ్రిటన్, ఐరోపా

బ్రిటన్‌లో ప్రవేశస్థాయి పదవిని లెక్చరర్ అంటారు. అక్కడ అమెరికా తరహా టెన్యూర్ లేదు. కొన్నేళ్ల ప్రొబేషన్ తరువాత ఉద్యోగం స్థిరమగును. బ్రిటిష్ డాక్టరేట్ మూడు నాలుగేళ్లలో ముగియును గనుక, లెక్చరర్ పదవికి ముందు పోస్ట్‌డాక్ చేసినవారే అక్కడ ఎక్కువ. పరిశోధన నాణ్యతను ఆరేడేళ్లకొకసారి దేశవ్యాప్తంగా మదింపు చేసే విధానం ఉన్నది. 2014, 2021లలో ఆ మదింపు జరిగినది. మంచి పత్రికలో వచ్చిన వ్యాసానికి అక్కడ అంత విలువ ఉండడానికి అది ఒక కారణము. 2020 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టిన గ్లోబల్ టాలెంట్ వీసా పరిశోధకులకు అనుకూలమైనది. అయితే 2024, 2025లలో పలు బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు ఆర్థిక ఇబ్బందులతో సిబ్బందిని తగ్గించుకొన్నవి.

ఐరోపా ప్రధాన భూభాగంలో ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క పద్ధతి. జర్మనీలో 2002లో ప్రవేశపెట్టిన జూనియర్ ప్రొఫెసర్ పదవి యువ పరిశోధకులకు స్వతంత్రంగా పనిచేసే వీలు కల్పించినది. ఫ్రాన్స్‌లో మెట్ర్ ద కాన్ఫెరాన్స్ పదవికి బోధన ఫ్రెంచిలో చేయవలసి ఉండును. క్వెబెక్ రాష్ట్రంలో చదివి ఫ్రెంచి పట్టుబడినవారికి ఇక్కడ ఇతరులకు లేని మేలు ఉన్నది. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడుచు పెరిగిన సరిహద్దు పిల్లలకు ఇంకొక భాష నేర్వడం కొండంత పని కాదు. మాంట్రియల్‌లో ఉన్న అయిదేళ్లలో ఫ్రెంచి నేర్చుకొన్నవారికి రెండు దేశాల విపణులు అదనంగా తెరుచుకొనును.

ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్

ఆస్ట్రేలియాలో అధ్యాపక పదవులు ఎ నుండి ఇ వరకు అయిదు స్థాయిలలో ఉంటవి. అసోసియేట్ లెక్చరర్ మొదటిది, ప్రొఫెసర్ చివరిది. విద్యాసంవత్సరం ఫిబ్రవరి, మార్చిలలో మొదలగును గనుక ప్రకటనల కాలం ఉత్తర అమెరికాకు భిన్నము. ఏడాది పొడవునా ప్రకటనలు గమనించుచుండవలెను. అక్కడి పద్ధతి బ్రిటన్‌ను పోలి, కెనడాలో చదివినవారికి తేలికగా అర్థమగును.

సింగపూర్, హాంకాంగ్ విశ్వవిద్యాలయాలలో బోధన ఆంగ్లంలో సాగును. నియామక విధానం చాలావరకు అమెరికా టెన్యూర్ పద్ధతిని అనుసరించును. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలోను, హాంకాంగ్‌లోని ప్రధాన విశ్వవిద్యాలయాలలోను సాంఖ్యకానికి బలమైన శాఖలు ఉన్నవి. జీతాలు మంచివి; ఎంపిక కఠినము. ప్రపంచం నలుమూలలనుండి అభ్యర్థులు వచ్చెదరు గనుక, అగ్రశ్రేణి పత్రికలలో వ్యాసాలు లేనివారి దరఖాస్తు తొలి వడపోత దాటడం కష్టము.

స్వదేశానికి తిరిగి రావడం

కెనడాకు వెళ్లిన విద్యార్థికి భారతదేశం కూడా ఇప్పుడు "విదేశ విపణి"లో ఒక భాగమే. దీనిని చివరి ఆశ్రయంగా భావించడం పొరపాటు. 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన భారతీయ సాంఖ్యక సంస్థకు కోల్‌కతాతో పాటు ఢిల్లీ, బెంగళూరు, చెన్నై, తేజ్‌పూర్‌లలో కేంద్రాలున్నవి. ఐ.ఐ.టి.లు, ఐసర్‌లు, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐ.ఐ.ఎం.లు సాంఖ్యకం తెలిసినవారిని నియమించుకొంటున్నవి. వీటిలో పలు సంస్థలు సరిహద్దు తెలుగువారికి దగ్గరలోనే వెలసినవి. తిరుపతిలో ఐ.ఐ.టి., ఐసర్ రెండూ 2015లో, ధార్వాడలో ఐ.ఐ.టి., బరంపురంలో ఐసర్ 2016లో ప్రారంభమైనవి. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సి.ఆర్. రావు గారి పేరిట ఉన్నత గణిత, సాంఖ్యక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ నెలకొన్నది.

ఐ.ఐ.టి.లలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి గ్రేడుకు డాక్టరేట్ తరువాత మూడేళ్ల అనుభవం కావలెను. పోస్ట్‌డాక్ కాలం ఈ లెక్కలోకి వచ్చును. సాధారణ విశ్వవిద్యాలయాలలో నెట్ పరీక్ష విషయమై చాలామందికి సందేహం ఉన్నది. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం, క్యూ.ఎస్., టైమ్స్, షాంఘై జాబితాలలో ఏదో ఒకదానిలో ఎప్పుడైనా మొదటి 500 స్థానాలలో నిలిచిన విదేశీ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందినవారు నెట్ లేకుండానే విశ్వవిద్యాలయాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి అర్హులు. కెనడాలోని పెద్ద విశ్వవిద్యాలయాలు ఈ పరిధిలో ఉన్నవి. చిన్నవాటిలో చేరేవారు ముందే సరిచూసుకొనవలెను. తిరిగి వచ్చే పరిశోధకులకు రామానుజన్ ఫెలోషిప్, యువ పరిశోధకులకు ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ వంటి పథకాలు తొలి అడుగుకు తోడ్పడినవి.

పౌరసత్వం విషయంలో ఇక్కడ ఒక చిక్కు కలదు. అయిదేళ్లలో మూడేళ్లు కెనడాలో నివసించిన శాశ్వత నివాసి అక్కడి పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చును. విద్యార్థిగా గడిపిన రోజులను సగం చొప్పున, గరిష్ఠంగా ఒక ఏడాది వరకు లెక్కలోకి తీసుకొంటారు. అయితే భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. కెనడా పాస్‌పోర్టు తీసుకొన్నవారికి టి.ఎన్. ద్వారం తెరుచుకొనును, అదే సమయంలో మన ప్రభుత్వ సంస్థలలో స్థిర నియామకానికి విదేశీ పౌరుల నిబంధనలు వర్తించును. ఒక తలుపు తెరిచినప్పుడు మరొక తలుపు ఇరుకు కావడం ఇది. అమెరికా కావలెనా, స్వదేశం కావలెనా అన్న ఆలోచన పౌరసత్వపు దరఖాస్తుపై సంతకం చేయకముందే తేల్చుకొనవలెను.

ఎంచుకొన్న శాఖ ప్రభావము

సాంఖ్యకమంతా ఒకే విపణి అని తలచరాదు. జీవసాంఖ్యకంలో చేసినవారికి గణితశాఖలతోపాటు వైద్య కళాశాలలు, ప్రజారోగ్య పాఠశాలలు, క్యాన్సర్ కేంద్రాలు తెరుచుకొనును. టొరంటో, మెక్‌గిల్‌లలో ఈ శాఖ ప్రజారోగ్య విభాగంతో ముడిపడి ఉన్నది. యాక్చువేరియల్ శాస్త్రంలో డాక్టరేట్ చేసేవారు తక్కువ. వారిని బీమా పరిశ్రమ కూడా కోరుకొనును గనుక అధ్యాపక పదవులలో పోటీ కొంత పలుచన. వాటర్లూ ఈ రంగంలో ప్రసిద్ధి పొందినది. యంత్రాభ్యసనం, దత్తాంశ విజ్ఞానం వైపు వెళ్లినవారికి కంప్యూటర్ శాఖలు, వాణిజ్య పాఠశాలలు కూడా అదనపు గమ్యాలు. అక్కడ పోటీ చేసేది కంప్యూటర్ పట్టభద్రులతో అన్నది మరువరాదు. శుద్ధ సిద్ధాంతంలో పనిచేసినవారికి పదవులు తక్కువే అయినా, లోతైన పనికి ఏ దేశంలోనైనా గౌరవం ఉన్నది.

ఎంపిక సంఘం చూసేది

దరఖాస్తులో సాధారణంగా పరిచయలేఖ, స్వవివరపత్రం, పరిశోధన వివరణ, బోధన వివరణ, మూడు నాలుగు సిఫారసు లేఖలు ఉండవలెను. ఒక పదవికి వచ్చిన పెద్ద కట్టలోనుండి పదిపన్నెండు పేర్లను ఏరేటప్పుడు సంఘం సభ్యుల కన్ను మొదట పడేది వ్యాసాల జాబితాపైన, సిఫారసు రాసినవారి పేర్లపైన. విదేశాలలో పేరున్న మార్గదర్శకుడు "ఈ విద్యార్థి పని ఫలానా కారణం చేత ముఖ్యమైనది" అని వివరంగా రాసిన లేఖకు ఎంతో బరువు ఉన్నది. శ్రద్ధగల విద్యార్థి అని మాత్రమే రాసిన లేఖ అభ్యర్థిని ముందుకు తీసుకుపోదు.

అందువలన దేశం, విశ్వవిద్యాలయం ఎంపికకన్న మార్గదర్శకుని ఎంపిక ముఖ్యము. ఆయన ఇతర దేశాల పరిశోధకులతో కలిసి వ్యాసాలు రాస్తున్నారా, విద్యార్థులను సమావేశాలకు పంపుతున్నారా, పరిశోధనకు గ్రాంటు ఉన్నదా అన్నవి ముందుగా చూడవలసినవి. డాక్టరేట్ కాలంలో ఒక సెమిస్టరు మరొక దేశపు శాఖలో గడిపే అవకాశం వస్తే వదులుకొనరాదు. అక్కడ కలిగిన పరిచయమే రేపు మూడవ సిఫారసు లేఖ కావచ్చును.

కెనడాలోనే ఉండదలచినవారికి కూడా ఒక మాట. అక్కడి అధ్యాపక ప్రకటనలలో "అర్హులందరూ దరఖాస్తు చేయవచ్చును, కెనడా పౌరులకు, శాశ్వత నివాసులకు ప్రాధాన్యం ఇవ్వబడును" అన్న అర్థం వచ్చే వాక్యం పరిపాటి. పట్టా తరువాత గరిష్ఠంగా మూడేళ్లు ఇచ్చే ఉద్యోగ అనుమతి కాలంలో శాశ్వత నివాస హక్కు సంపాదించుకొంటే ఆ ప్రాధాన్యం లభించును.

చేరకముందు అడగవలసిన ప్రశ్నలు

ప్రవేశపత్రం చేతికి వచ్చిన విద్యార్థి, తల్లిదండ్రులు ఈ క్రింది ప్రశ్నలను శాఖకు మర్యాదగా రాసి అడగవచ్చును. అడగడం అక్కడ తప్పుగా ఎంచరు.

1. గత అయిదారేళ్లలో ఈ శాఖలో డాక్టరేట్ పొందినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేయుచున్నారు? వారిలో అధ్యాపకులెందరు, పరిశ్రమకు వెళ్లినవారెందరు? పలు శాఖలు ఈ జాబితాను తామే ప్రకటిస్తవి.

2. వారిలో కెనడా వెలుపల స్థిర పదవి పొందినవారెందరు? నేరుగా పొందినారా, పోస్ట్‌డాక్ తరువాత పొందినారా?

3. నేను కోరుకొనే మార్గదర్శకుని వద్ద చదివినవారి సంగతి ఏమి? ఎన్నేళ్లకు పట్టా పొందినారు?

4. ఆర్థిక సహాయం ఎన్ని సంవత్సరాలకు హామీ? ఫీజు పోను చేతికి మిగిలేదెంత?

5. స్వయంగా కోర్సు బోధించే అవకాశం ఉన్నదా? సమావేశాలకు ప్రయాణ ఖర్చు ఇస్తారా?

ఈ సమాధానాలలో మొదటి రెండింటికి విలువ ఎక్కువ. ప్రపంచ ర్యాంకుల పట్టికలో పది స్థానాల తేడా ఉద్యోగాన్ని నిర్ణయించదు. ఆ శాఖనుండి, ఆ గురువు వద్దనుండి వెళ్లినవారు ఎక్కడ నిలదొక్కుకొన్నారన్నదే నమ్మదగిన సూచిక.

డాక్టరేట్ పూర్తిచేసినవారందరికీ అధ్యాపక పదవి దొరకదన్న నిజాన్ని కూడా ఇంటిల్లిపాది ముందే తెలుసుకొనుట మేలు. బ్యాంకులు, ఔషధ సంస్థలు, ప్రభుత్వ గణాంక కార్యాలయాలు సాంఖ్యకులకు గౌరవప్రదమైన జీవనం ఇస్తున్నవి. ఆ దారిన వెళ్లినవారిని ఓడిపోయినవారుగా చూడడం అన్యాయము. అధ్యాపక వృత్తినే కోరుకొన్నవారు మాత్రం, ప్రవేశపత్రంపై సంతకం పెట్టేముందే పై ప్రశ్నలకు జవాబులు రాబట్టుకొని, చదువుకు అయిదేళ్లు, పోస్ట్‌డాక్‌కు మరి రెండు మూడేళ్లు అన్న లెక్కతో ఇంటి ఖర్చును, అప్పును సరిచూసుకొనవలెను. ఆ లెక్క సరిపోయిన ఇంటినుండి బయలుదేరిన విద్యార్థికి అక్కడ చదువుపై మనస్సు నిలుచును.